డ్రమ్ము దగ్గర లోతెంత

పొద్దున ఏడింటికి, పార్కు గేటు ఇంకా తీయకముందే, పోశం ఒక్కడే పడవ వేసుకొని నారింజరంగు డ్రమ్ము దాకా పోయి వెదురు గడ నీళ్లలోకి దించాడు. గడ మీద జానకొక గాటు ఉంటుంది. నాలుగో గాటు దగ్గర అడుగు తగిలింది. నమ్మకం కుదరక పడవను రెండు బారలు పక్కకు జరిపి మళ్లీ దించాడు. అక్కడా నాలుగే. ఇసుకలో గుచ్చి చెయ్యి వదిలితే గడ వణకలేదు, వాలలేదు. అంటే లోతు పోయింది, నీళ్ల లాగుడూ పోయింది. నెల కిందట ఇదే చోట పన్నెండో గాటు మునిగినా అడుగు దొరికేది కాదు. పట్టు జారితే గడ చేతిలోంచి కొట్టుకుపోయేది.

ఒడ్డు వైపు చూశాడు. ఎవరూ లేరు. గడ పైకి తీసి, తడి ఎంతవరకు ఎక్కిందో కనబడకుండా తువ్వాలుతో కింది నుంచి పై దాకా తుడిచాడు. తుడిచాక తనకే సిగ్గేసింది. యాభై మూడేళ్ల వయసులో గడ తుడవడం అదే మొదటిసారి.

ఆ నాలుగు జానల నీళ్లు దాచాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు పార్కు సంగతి చెప్పాలి.

సిరోంచలో రైసుమిల్లు నడిపే కిషన్‌రావు, ప్రాణహిత ఒడ్డున తనకున్న మూడెకరాల్లో ఆ ఏడు దసరాకు పార్కు తెరిచాడు. ఊయలలు, జారుడుబండలు, పిల్లల రైలు, అన్నిటికీ మించి పదహారు మంది పట్టే మోటారు పడవ. పార్కు పెట్టకముందు ఆయన మనవళ్లతో పోయి పట్నంలో ఒక పెద్ద పార్కు చూసి వచ్చాడు. పిల్లలు ఆటలు చూస్తే ఆయన టికెట్టు కిటికీలు చూశాడు. గేటు దగ్గర డబ్బు కట్టినవాళ్లే లోపల మళ్లీ కడుతున్నారు. వరసలో నిలబడకుండా ముందుకు పోవడానికి ఒకటి, తడిసిన బట్టలు పెట్టుకునే లాకరుకు ఒకటి, భయపడ్డ మొహం ఫొటోకు ఒకటి. "బయట ఒక్కసారే అడుగుతం. లోపలికొచ్చినంక ఎన్నిసార్లన్న అడగొచ్చు" అని తిరిగొచ్చి మిల్లులో అందరికీ చెప్పాడు.

ఆ లెక్కనే ఇక్కడా పెట్టాడు. గేటు దగ్గర ఎనభై రూపాయలు కడితే చేతికి పసుపు పట్టీ. దానితో ఆటలన్నీ ఆడుకోవచ్చు, పడవలో డ్రమ్ము దాకా పోయి రావచ్చు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు చూడాలంటే ఇంకో నూట ఇరవై కట్టి ఎర్ర పట్టీ వేసుకోవాలి. పడవలో కెప్టెన్ టోపీ పెట్టుకొని స్టీరింగు పట్టుకుంటే యాభై. హారన్ మోగిస్తే పది. టోపీ పెట్టుకున్నవాడు ఫొటోకు నవ్వుతుంటే, పోశం పక్కనే కూర్చొని స్టీరింగు అడుగున మోకాళ్లు బిగించి పడవను నడిపేవాడు. హారన్ మోతకు సాయంత్రానికి చెవులు దిమ్మెక్కేవి. అదంతా పనిలో భాగమే అనుకొని ఊరుకున్నాడు.

చిక్కు డ్రమ్ము దగ్గర వచ్చింది. సగం దారిలో, లంగరు కట్టి తేలేసిన డ్రమ్మును చూపించి, పసుపు పట్టీల వాళ్లను ఇక్కడిదాకా తెచ్చి వెనక్కి తిప్పమన్నాడు కిషన్‌రావు. పోశం ఒప్పుకోలేదు.

"ఈడ తిప్పరాదు సార్. గుంజుడు జూడున్రి. నిండు పడవను అడ్డం తిప్పితే నీళ్లు పక్కల మీద తంతయ్. పదహారు మంది ఒక్క దిక్కు ఒరిగిన్రంటే ఇగ మన చేతుల ఉండదు."

"మరి ఏడ తిప్పుతవ్?"

"సంగమం కాడ. దిబ్బ ఎనుక నీళ్లు నిలవడతయ్. ఆడ మెల్లగ తిప్పుకొస్త."

"అందరిని సంగమం దాక తోల్కపోతే ఎర్ర పట్టీ ఎవడు కొంటడయ్యా?"

టికెట్టు కిటికీలో కూర్చునే రేష్మ అక్కడే ఉంది. "డ్రమ్ము దాటంగనే పసుపు పట్టీలోళ్లు కండ్లు మూసుకోవాలె అని బోర్డు రాద్దామా సార్?" అంది.

కిషన్‌రావు నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. చివరికి ఎర్ర పట్టీలవాళ్లకు ముందు వరస కుర్చీలు, ఒక చల్లని సీసా ఇచ్చి సరిపెట్టాడు. "నీళ్ల సంగతి నీకెరుక. నీ మాటే మాట. నీళ్లు దిగినంక నాకు చెప్పు, అప్పటిదాక ఇట్లనే నడువనియ్" అన్నాడు.

నీ మాటే మాట అనిపించుకోవడం పోశానికి కొత్త కాదు. వాళ్లది రేవు నడిపిన బెస్తల ఇల్లు. వంతెన రాకముందు కాళేశ్వరం పోవాలన్నా, అవతలి ఒడ్డున పిల్లను చూడబోవాలన్నా, బియ్యం బస్తా దాటించాలన్నా వాళ్ల నాన్న పడవే దిక్కు. ఏ పాయలో దిగవచ్చు, ఏ పాయలో దిగకూడదు అని పొద్దున్నే వచ్చి అడిగేవాళ్లు. బెస్తవాడు చేప బరువు మీద బుకాయించవచ్చు, కల్లు ఎంత తాగాడన్న దాని మీద బుకాయించవచ్చు, నీళ్ల మీద మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ మాట మీద మనుషులు దిగుతారు కాబట్టి.

వంతెన వచ్చాక రేవు చచ్చిపోయింది. పడవను రెండేళ్లు ఒడ్డున బోర్లేసి పెట్టి, చివరికి కట్టెల కింద అమ్మేశాడు. మంచిర్యాల పోయి మేస్త్రీల దగ్గర సెంట్రింగు పని చేశాడు. అక్కడ అతనికి నిద్ర పట్టేది కాదు. పండక్కు వచ్చినప్పుడు ఎవరో ఒకరు "పోశన్నా, కింది పాయ ఎట్లున్నది?" అని అడిగితే చాలు, చెప్పులు విడిచి గడ పట్టుకొని బయల్దేరేవాడు. ఈ పార్కు రాకపోతే మళ్లీ పడవ ఎక్కేవాడే కాదు.

దసరా నుంచి డిసెంబరు దాకా పసుపు పట్టీల వాళ్లంతా సంగమం చూశారు. ఎర్ర పట్టీలు ఎక్కువగా చంద్రపూర్, మంచిర్యాల కార్లలో వచ్చినవాళ్లవి. పసుపు పట్టీలు ఏటపల్లి నుంచి, పాతగూడెం నుంచి, అడవి ఊళ్ల నుంచి బస్సులు మారి వచ్చినవాళ్లవి. రెండు నీళ్లు కలిసే చోట రెండు పట్టీలవాళ్లూ పడవ అంచు నుంచి వంగి ఇటు నీళ్లలో ఒకసారి, అటు నీళ్లలో ఒకసారి చెయ్యి ముంచి చూసుకునేవాళ్లు. ఆ కాసేపు పోశం ఇంజను ఆపేసేవాడు. అది టికెట్టులో లేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇప్పుడు డ్రమ్ము దగ్గర నాలుగు జానలే ఉన్నాయి. గుంజుడు లేదు. అక్కడే హాయిగా తిప్పవచ్చు. ఆ మాట చెబితే రేపటి నుంచి పసుపు పట్టీల వాళ్లకు సంగమం లేదు. అందుకే గడ తుడిచాడు.

గడ తుడిచినంత తేలిక కాదు మనసును నిలబెట్టుకోవడం. తెల్లారితే చాలు, పోశం కాళ్లు ఆగేవి కావు. తాడు ఒకసారి కట్టి, విప్పి, మళ్లీ కట్టేవాడు. పడవలో లేని నీళ్లు తోడేవాడు. డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి, గుంజుడు ఉన్నట్టు చూపించడానికి ఇంజను మోత పెంచేవాడు. తన చేతులు చేస్తున్న ఆ నాటకం తనకే నచ్చేది కాదు.

అయిదో రోజు సాగర్ అడిగాడు. సాగర్ ట్రాక్టరు డ్రైవరు. పార్కులో పడవెక్కేవాళ్లకు లైఫ్ జాకెట్లు తొడిగించే పనికి కుదిరి, ఎప్పటికైనా పడవ తనకు రాకపోతుందా అని చూస్తున్నవాడు.

"కాకా, ఒడ్డు మెట్లు ఇంకో రెండు బయటవడ్డయ్. నీళ్లు దిగినట్టున్నయ్ గదా."

"ఒడ్డున దిగితే నడుమ దిగినట్టా?"

"నేను ఊకె అడిగిన."

"నడుమ గుంజుడు గట్లనే ఉన్నది."

అన్నాక నోట్లో ఇసుక పడ్డట్టయింది. అంతదాకా దాచాడు, ఇప్పుడు అబద్ధం చెప్పాడు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుంటే భార్య సుశీలాబాయి చూసి, "అన్నం పిసుకుతున్నవ్, తింటలేవు. నీకేంది పరేషాన్?" అంది.

"ఏం లేదు."

"ఏం లేకుంటే గింత సేపు పిసుకరు" అని పులుసు గిన్నె ముందుకు జరిపి లేచిపోయింది.

పదో రోజు పొద్దున శంకర్ ఒడ్డు మెట్లు దిగి వచ్చాడు. శంకర్‌కు నది నడుమ దిబ్బ మీద ఎకరం మేర ఇసుక చెలక ఉంది. ఏటా నీళ్లు దిగాక అక్కడ పుచ్చ పెడతాడు. ఏటా పోశాన్ని అడిగాకే బండి దించుతాడు.

"పోశన్నా, పెంట తోలాలె. డ్రమ్ము కాడికెల్లి బండి దింపొచ్చునా?"

మూడడుగుల అవతల కిషన్‌రావు చాయ్ గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాడు. అటు చూడకుండానే పోశానికి ఆ చాయ్ వాసన తెలుస్తోంది. డ్రమ్ము దగ్గర బండి దిగితే ఇరుసు కూడా మునగదు.

"ఇంకా లోతే ఉన్నది" అన్నాడు.

"నిరుడు గీ దినాలకు దింపినం గదా."

"నిరుడు వేరు, ఈయేడు వేరు."

"అయితే పై రేవుకెల్లి పోత" అన్నాడు శంకర్.

పై రేవు వైపు ఈ ఏడు పోశం గడ పెట్టి చూడలేదు. వానాకాలం వరద అక్కడ కొత్త ఇసుక మేట వేసింది. కొత్త మేటను అంత తొందరగా నమ్మకూడదు. "జర ఆగరాదు, నాలుగు దినాలు" అన్నాడు.

"గింజలు నానవెట్టిన. నేనాగుత, అవి ఆగుతయా?" అని శంకర్ నవ్వి మెట్లెక్కాడు.

ఆ రోజు పడవ ఏడు రౌండ్లు తిరిగింది. ప్రతి రౌండులోనూ దిగి పరుగెత్తుకొని పోయి చెప్పి రావాలనిపించింది. రౌండు అవగానే ఇంకో పదహారు మంది జాకెట్లు తొడుక్కొని నిలబడి ఉండేవాళ్లు. పొద్దుగూకే వేళ శంకర్ ఇంటికి పోయాడు. శంకర్ లేడు, తవుడు కోసం అంకీసా పోయాడని భార్య అంజలి చెప్పింది.

"ఏమన్న చెప్పుమంటవా అన్నా?"

గడప దగ్గర పోశం ఒక కాలు మీది బరువు ఇంకో కాలు మీదికి మార్చాడు. లోతు లేదని ఆమెతో చెబితే చాలు. కాని పొద్దున లోతుందని చెప్పిన నోటితో, శంకర్ పెళ్లాం ముందు, అది ఎట్లా వస్తుంది? "ఏం లేదు. ఊరికెనే వచ్చిన. పొద్దున్నే మల్ల వస్త" అన్నాడు.

పొద్దున్నే పోయేసరికి బండి లేదు. పార్కు వైపు మళ్లాడో లేదో సాగర్ ఫోను పట్టుకొని ఎదురొచ్చాడు.

"కాకా, శంకర్ బావ ఎద్దు పై రేవు కాడ ఊబిల దిగవడ్డదట. కడుపు దాక పోయిందట."

పోశం, సాగర్ రెండు పలుగులు, ఒక బల్లచెక్క, పడవ తాడు తీసుకొని పోయారు. బండి వెనక్కి ఒరిగి ఉంది. ఒక ఎద్దును కాడి నుంచి విడిపించి ఒడ్డున కట్టేశారు. రెండోది, తెల్ల మచ్చది, పొట్ట దాకా ఇసుకలో కూరుకుపోయి, అరవడం కూడా మానేసి ముక్కు పైకెత్తి ఉంది. శంకర్, ఇంకో ఇద్దరు కలిసి మెడకు తాడేసి గుంజుతున్నారు.

"మెడ ఇడువున్రి" అన్నాడు పోశం. "గుంజినకొద్ది ఊపిరి పోతది, కాలు రాదు."

ఊబి బలంతో లొంగదు. పట్టుకున్న ఇసుకలోకి నీళ్లు పోతేనే అది పట్టు విడుస్తుంది. పోశం బోర్లా పడుకొని ముందు కాలి చుట్టూ చేత్తో తోడుతూ పోయాడు. సాగర్ బిందెలతో ఆ గుంటలో నీళ్లు పోస్తూ పోయాడు. కాలు జాన మేర కదిలాక బల్లచెక్కను పొట్ట కిందికి తోశారు. తాడును మెడకు కాకుండా ముందుకాళ్ల వెనక నుంచి రొమ్ము చుట్టూ తిప్పి, ఎదురుగా కాకుండా పక్కకు లాగారు. ఒక్కో కాలికీ అరగంట పట్టింది. ఎద్దు చెక్క మీద పక్కకు ఒరిగి, ఒక్కసారి తన్నుకొని, ఒడ్డున పడేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. వెనక కాలు ఒకటి వాచింది. దాని కళ్లలో ఇసుకను శంకర్ తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాడు. అతని మాటలో తప్పు పట్టడం ఏమాత్రం లేదు.

"మంచిగయింది, నువ్వు జెప్పినవ్. డ్రమ్ము కాడ దింపితే బండికి బండి పోతుండె" అన్నాడు.

దానికి తలూపితే అయిపోయేది. పోశం తల ఊపలేదు.

"డ్రమ్ము కాడ లోతు లేదు శంకర్. నాలుగు జానలే. పదకొండు దినాలాయె."

శంకర్ తువ్వాలు ఆపాడు. సాగర్ బిందె కింద పెట్టాడు.

"ఎరుకుండె నీకు?"

"ఎరుకే. చెప్తే పసుపు పట్టీలోళ్లకు సంగమం బందయితదని చెప్పలే. నిన్న నువ్వడిగితె సార్ పక్కనే ఉండె."

శంకర్ ఎద్దు వాచిన కాలు ఒత్తాడు. "మీ అయ్యను మా అయ్య అడుగుతుండె. నిన్ను నేను అడుగుతున్న" అన్నాడు. "ఇగ ఎవ్వరినడగాలె?" ఎద్దును లేపి, దాని పక్కనే నెమ్మదిగా నడిపించుకుంటూ పోయాడు. శంకర్ తాడు చుట్టి ఇద్దామని పోశం చాచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

ఇసుక బట్టలతోనే మిల్లుకు పోయాడు. కిషన్‌రావు గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. పోశం కూర్చోలేదు. నీళ్లు ఎప్పుడు దిగాయో, తను ఎప్పటి నుంచి దాస్తున్నాడో, ఎద్దుకు ఏమయిందో వరసగా చెప్పాడు. కిషన్‌రావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎందుకయ్యా? నీకేం వచ్చింది దాంట్ల?"

"ఏం రాలే సార్. ఏటపల్లికెల్లి వచ్చినోళ్లు సంగమం జూస్తున్నరు గదా అని."

"పార్కు నాది. ఎవరికేం చూపియ్యాల్నో నేను జెప్త. నదిల ఎంతున్నదో నువ్వు జెప్పాలె. గదే గదా మన ఒప్పందం?"

"గదే సార్."

"సాగర్‌ను కూసోవెడుదునా అని ఇప్పుడు ఒక్క నిమిషం అనుకున్న. కాని వాడు స్టీరింగు తిప్పుతడు, లోతు జెప్పలేడు." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "రేపటిసంది పసుపు పట్టీ డ్రమ్ము కాడ తిరగాలె."

"తిప్పుత" అన్నాడు పోశం.

మర్నాడు ఆదివారం. మొదటి రౌండులో పన్నెండు పసుపు పట్టీలు. ముందు వరసలో ఏటపల్లి నుంచి వచ్చిన బాబురావు అనే అతను, అతని భార్య, ఇద్దరు ఆడపిల్లలు, తల్లి. ముసలమ్మ లైఫ్ జాకెట్టు మీద నుంచే కొంగు బిగించుకొని, ఎటు చూడాలో తెలియక అన్నివైపులా చూస్తోంది. డ్రమ్ము వచ్చింది. పోశం ఇంజను తగ్గించి, పడవను నీటిమీద గీత గీసినంత నున్నగా తిప్పాడు. ఎవరికీ కుదుపు కూడా తెలియలేదు. అంత బాగా తిప్పినందుకు తన చేతుల మీద తనకే కోపం వచ్చింది.

"గోదావరి ఏది?" అని ముసలమ్మ గోండీలో కొడుకును అడిగింది. బాబురావు తెలుగులో పోశాన్ని అడిగాడు.

"అవుతల ఉన్నది. దానికి ఎర్ర పట్టీ కావాలె."

"ఎంత?"

"మనిషికి నూట ఇరవై."

బాబురావు వేళ్లు ముడుస్తూ అయిదుగురినీ లెక్కపెట్టుకొని, తల్లి వైపు తిరిగి రెండు ముక్కలు చెప్పాడు. ఆమె "ఊఁ" అని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఒడ్డుకు చేరాక అందరూ దిగారు. పోశం చివరగా దిగి, జాకెట్లు విప్పుతున్న బాబురావు దగ్గరికి పోయాడు. కిషన్‌రావు మెట్ల మీదే ఉన్నాడు. పోశం గొంతు తగ్గించలేదు.

"మీ బస్సు ఎన్నిటికి?"

"నాలుగింటికి."

"ఇంకా శాన టైమున్నది. గేటు బయటికెల్లి ఒడ్డెంబడి కిందికి పోండి. రెండు మోదుగు చెట్లు వస్తయ్. ఆడ దిగితే పాయ మోకాలి బంటి ఉన్నది. పొద్దుగాల నేనే జూసిన. దాటితే దిబ్బ. దిబ్బ కొస దాక ఇసుక మీద నడిస్తే రెండు నీళ్లు కాళ్లకాన్నే కలుస్తయ్. ఎడమ దిక్కు మాత్రం పోవద్దు, ఆడ ఇసుక మెత్తగున్నది. అవ్వను చెయ్యి వట్టుకోండి."

బాబురావు అతని మొహంలోకి చూశాడు. "పక్కానా?"

"పక్కా."

కిటికీలో రేష్మ కలం ఆపి వింటోంది. కిషన్‌రావు చాయ్ తాగి, గ్లాసులో మిగిలింది మెట్ల పక్కన పారబోశాడు. నది వైపు ఒకసారి చూసి, లోపలికి పోయాడు. ఆ చూపులో కోపం ఉందో, లెక్క ఉందో పోశానికి అర్థం కాలేదు. సాయంత్రం పిలుస్తాడో, రేపు పిలుస్తాడో తెలియదు.

రెండో రౌండు ఎర్ర పట్టీలది. తొమ్మిది మంది. టోపీ పెట్టుకున్న ఒకాయన స్టీరింగు పట్టుకొని ఫొటోకు నవ్వుతున్నాడు. పక్కన అతని తమ్ముడు పది రూపాయల హారన్ ఆపకుండా మోగిస్తున్నాడు. పోశం అడుగున మోకాళ్లు బిగించి పడవను సంగమం వైపు పట్టాడు. డ్రమ్ము దాటాక దూరంగా పాయలో అయిదుగురు కనిపించారు. ఆడపిల్లలు ముందు, బాబురావు తల్లి చెయ్యి పట్టుకొని నడుమ, భార్య వెనక. నీళ్లు మోకాళ్లు దాటలేదు. పాయ నడుమకు వచ్చాక ముసలమ్మ ఆగిపోయింది.

పోశం సగం లేచాడు. అక్కడ మెత్తదనం లేదు. పొద్దున అడుగడుగూ గడ పెట్టి చూశాడు. అయినా ఆ తర్వాత ఇసుక జరిగి ఉంటే? టోపీ ఆయన "ఏందన్నా, ఏమైంది?" అన్నాడు. పోశం కూర్చోలేదు. ముసలమ్మ వంగి నీళ్లలో ఏదో చూసింది, చీర ఇంకో బెత్తెడు పైకి పట్టుకుంది, దిబ్బ వైపు మరో అడుగు వేసింది.